పరుగుకు తగ్గ పాట

పాత సామాన్ల వేలంశాలలో ముప్పైరెండేళ్లుగా పాట నడిపిస్తున్న గుమాస్తాగారికి ఒక సోమవారం ఉదయం పదకొండు గంటలకు, రెండోసారికీ మూడోసారికీ మధ్య, ఊపిరి అందలేదు. ప్రాణానికేమీ ప్రమాదం కలగలేదు. పోయింది ఒక బీరువా.

వేలంపాట ఎరగని పుణ్యాత్ములెవరైనా ఉంటే వారి కోసం ఒక ముక్క. ఒకడు పాడిన ధర మీద ఇంకా ఎక్కువగా పైపాట రాకపోతే గుమాస్తా ‘ఒకటోసారి, రెండోసారి, మూడోసారి’ అని అరిచి చెక్క సుత్తితో బల్ల మీద కొడతాడు. దెబ్బ పడిందా, సరుకు పాడినవాడిది. పడేదాకా ఎవరిదీ కాదు. ఈ మూడు మాటలూ ఒక్క ఊపిరిలో రావాలి. మధ్యలో సందు దొరికితే మనిషికి ఆలోచన వస్తుంది. ఆలోచన వచ్చినవాడు పాత బీరువా కొనడు. ఆ సోమవారం మన గుమాస్తాగారు ‘రెండోసారి’ అనేసి, గట్టున పడ్డ చేపలాగా నోరు తెరిచి గాలి కోసం వెతుక్కుంటున్నంతలో, బీరువా పాడిన పెద్దమనిషి దానివంక మొదటిసారిగా తేరిపార చూశాడు. తలుపులు లేవన్న సంగతి అప్పుడు కనబడింది. చేతిసంచీ తీసుకుని లేచిపోయాడు.

వేలంశాల యజమాని కోప్పడే మనిషి కాదు. కోపం కన్నా పనికొచ్చేవి ఆయన దగ్గర చాలా ఉన్నాయి. ఆ బీరువా పాటంతా తన ఫోనులో రికార్డు చేసి, సాయంత్రానికల్లా గుమాస్తాగారి ఫోనుకు పంపించాడు. దాని కింద ఒక ఉత్తర్వు. నెల రోజులు గడువివ్వడమైనదనీ, గడువు ముగిసే సోమవారంనాడు మూడుమాట్లూ ఒకే ఊపిరిలో వెలువడని పక్షంలో, తమ సుదీర్ఘ సేవలను గుర్తించి తమరిని గోడౌనులో కుర్చీలకు చీటీలంటించే బాధ్యతాయుతమైన పదవిలో నియమించడం జరుగుతుందనీ దాని సారాంశం.

గోడౌనులో కుర్చీలుంటాయి గానీ వాటిలో కూర్చుని వినేవాళ్లుండరు. ముప్పైరెండేళ్లపాటు వందలమంది గుండెల్లో దడ పుట్టించిన గొంతు ఇక జిగురు డబ్బా మూత ఎక్కడుందని అడగడానికి తప్ప పనికిరాదు. అది తలచుకుని గుమాస్తాగారు డాక్టరు దగ్గరికి వెళ్లారు.

డాక్టరు ఛాతీ మీద గొట్టం ఆనించి విని, లోపల సామానంతా బాగానే ఉంది, వాడకమే లేదన్నాడు. రోజూ పొద్దున్నే అరగంట పరిగెత్తమన్నాడు. విసుగనిపిస్తే చెవిలో ఏదైనా పాట పెట్టుకోమన్నాడు. ఈ చివరి ముక్క ఆయన మింగేసి ఉండాల్సింది. పరిగెత్తడం కష్టం, పాట ఎంచుకోవడం సుఖం. కష్టాన్నీ సుఖాన్నీ ఒకే చీటీ మీద రాసిస్తే రోగి ముందుగా దేన్ని పట్టుకుంటాడో వైద్య కళాశాలల్లో ఇంకా నేర్పుతున్నట్టు లేదు.

ఆ సాయంత్రమే గుమాస్తాగారి ముందుగదిలో ‘పరుగు సంగీత నిర్ణాయక సంఘం’ ఏకగ్రీవంగా ఏర్పడింది. బావమరిది అధ్యక్షుడు. బళ్లో చదివే రోజుల్లో ఒక కచేరీకి హార్మోనియం పెట్టె మోసినవాడు కనుక సంగీతంలో ఆయన మాటకు తిరుగులేదు. ఫోన్ల దుకాణంలో పనిచేసే అల్లుడు శాస్త్రీయ సలహాదారు. గ్లాసులు పెట్టడానికి వచ్చిన ఇంటావిడ, వచ్చింది కాబట్టి, సభ్యురాలు.

పాట సంగతి తర్వాత చూసుకోవచ్చు, రేపొద్దున లేచి ఒక్కసారి పరిగెత్తి చూడండి అని ఇంటావిడ సూచించింది. సంఘం ఆమె అభిప్రాయాన్ని గౌరవపూర్వకంగా విని, ‘తొందరపాటు’ అనే శీర్షిక కింద నమోదు చేసి, గ్లాసులతోపాటు లోపలికి పంపించింది.

బావమరిది సిద్ధాంతం ప్రకారం ఊపిరికి శత్రువు వేగం. కాబట్టి పరుగుకు నెమ్మదైన పాట ఉండాలి. ఎంత నెమ్మదైతే అంత మంచిది. వారం రోజులు వెతికి, వీడ్కోలు గురించిన ఒక పాట తెచ్చాడు. అందులో ఒక చరణానికీ ఇంకో చరణానికీ మధ్య మనిషి స్నానం చేసి రావచ్చు. ఆ పాట చెవిలో పెట్టుకుని గుమాస్తాగారు పార్కులో నలభై అడుగులు వేశారు. నలభై ఒకటో అడుగు దగ్గర, చిన్నప్పుడు తప్పిపోయిన మేకపిల్ల గుర్తొచ్చింది. బెంచీ మీద కూలబడి వెక్కివెక్కి ఏడ్చారు. వాకింగుకు వచ్చిన ఇద్దరు ముసలివాళ్లు చెరోవైపు కూర్చుని, ఎవరు పోయారని అడిగే ధైర్యం లేక, వాళ్లూ కాసేపు ఏడ్చి వెళ్లారు.

ఈ వార్త విని బావమరిది మురిసిపోయాడు. “చూశావా బావా,” అన్నాడు, “పాటలో పస ఉంటే కాలు కదలదు.”

కాలు కదలాలి కదా అన్నాడు అల్లుడు. మామగారి కాలు ఎంత కదులుతుందో తెలియకుండా పాట ఎంచడం అశాస్త్రీయమని, భోజనాల బల్ల చుట్టూ సుద్దగీత గీసి, ఆయన చేత ప్రదక్షిణలు చేయించి, చేతికి కట్టిన యంత్రంలో లెక్క చూశాడు. ఎడమకాలు నిమిషానికి నలభై అడుగులూ, కుడికాలు నలభై నాలుగూ వేస్తున్నట్టు తేలింది. రెండు కాళ్లూ ఒకే మనిషివి కదా, అదెలా కుదురుతుందని ఇంటావిడ అడిగింది. యంత్రం అబద్ధం చెప్పదన్నాడు అల్లుడు. మిగతా నాలుగడుగులూ ఎటు పోతున్నాయో కనిపెట్టడానికి ఇంకో మూడు రోజులు పట్టింది. అవి దొరకలేదు.

అవి దొరక్కుండానే నాలుగువందల పన్నెండు పాటలు మామగారి ఫోనులోకి చేరాయి. ఎత్తు ఎక్కేటప్పుడు కొన్ని, దిగేటప్పుడు కొన్ని, మలుపు తిరిగేటప్పుడు వినవలసినవి వేరే. కుక్క వెంటపడితే వినడానికి ప్రత్యేకంగా పదకొండు. మర్నాడు కుక్క నిజంగానే వెంటపడింది. గుమాస్తాగారు శాస్త్రం తప్పని మనిషి. నడివీధిలో నిలబడి, కళ్లజోడు సర్దుకుని, కుక్క పాటల కోసం ఫోనులో వెతకడం మొదలుపెట్టారు. కుక్క కూడా కాసేపు నిలబడి చూసి, తనకు వేరే పనులున్నాయన్నట్టు వెళ్లిపోయింది.

ఇలా ఇరవైరెండు రోజులు గడిచాయి. సంఘం పదిహేడుసార్లు సమావేశమైంది. పరిగెత్తిన మొత్తం దూరం నలభై అడుగులు, అదీ నడక. అవతల గోడౌనులో కొత్త జిగురు డబ్బా వచ్చి కూర్చుందనీ, దాని మీద గుమాస్తాగారి పేరు రాసి ఉందనీ కబురందింది.

ఆ కబురు విన్న సాయంత్రం సంఘం పద్దెనిమిదోసారి కొలువుతీరింది. చరణం ముందా, పల్లవి ముందా అన్న చర్చ మంచి పాకాన పడిన సమయంలో ఇంటావిడ గుమ్మంలోకి వచ్చి నిలబడింది.

“ఏమండీ, ముప్పైరెండేళ్లు మీ గొంతు వినడానికి ఊళ్లోవాళ్లు ఇళ్లు వదిలి వచ్చారు. ఇప్పుడు మీరు ఇల్లు కదలడానికి ఇంకొకడి గొంతు కావాలా?”

సభ్యురాలు ఎజెండాలో లేని అంశం లేవనెత్తిందని అధ్యక్షుడు ఆక్షేపించాడు. కానీ గుమాస్తాగారికి ఆ మాట ఎక్కడో గుచ్చుకుంది. మర్నాడు తెల్లారగానే ఎవరితోనూ చెప్పకుండా, కోపంలో కళ్లజోడు కూడా మరిచిపోయి పార్కుకు వెళ్లారు. చెవుల్లో తీగలు దోపి, కళ్లజోడు లేక కనబడని ఫోను మీద ఏదో ఒకచోట నొక్కారు. అది పాట కాదు. యజమాని పంపిన బీరువా వేలం.

‘ఒకటోసారి’ అంది చెవిలో ఆయన గొంతే. కాళ్లు వడివడిగా పడ్డాయి. ‘రెండోసారి’ అంది. ఆ తర్వాత ఆ సందు. గాలి కోసం గురగురలాడే ఆ చప్పుడు. సరుకును గాలిలో వేలాడదీసి ఊరుకోవడం వంటినిండా వేలం ఇంకిపోయిన మనిషి వల్ల అయ్యే పని కాదు. మూడోసారి అనేదాకా ఆగలేక కాళ్లు పరుగందుకున్నాయి. తమాషా ఏమిటంటే ఆ రికార్డులో మూడోసారి లేదు. బీరువా పాడినాయన లేచిపోవడం, కుర్చీ కిర్రుమనడం, మళ్లీ మొదటికి రావడం. గుమాస్తాగారు రాని మూడోసారి కోసం పార్కును ఒక చుట్టు చుట్టారు. రెండో చుట్టులో ముళ్లకంచె తగిలి తీగలు ఫోనులోంచి ఊడిపోయాయి. ఫోను జేబులోంచి పార్కంతటికీ వినబడేట్టు ‘రెండోసారి’ అని అరిచింది.

ఉద్యోగ విరమణ చేసిన హెడ్మాస్టరుగారు, మోకాళ్లు పట్టేసి ఆరేళ్లుగా చేతికర్ర వదలని మనిషి, ఆ కేక విని కర్ర పారేసి పరిగెత్తారు. చెట్టుకింద కళ్లు మూసుకుని మనశ్శాంతి సాధిస్తున్న బ్యాంకు మేనేజరు దాన్ని అక్కడే వదిలేసి లేచాడు. పిల్లల బండి తోసుకుపోతున్న ఒకావిడ బండితో సహా దూసుకొచ్చింది. ఎవరికీ ఎవరూ ఏమీ చెప్పలేదు. ఎక్కడో ఏదో ఇంకొకడి పేర పడిపోబోతోందని అందరికీ ఏకకాలంలో అర్థమైంది. ఈపాటి జ్ఞానానికి చదువు అక్కర్లేదు గనుక చదువుకున్నవాళ్లు కూడా వెనకబడలేదు.

వారం తిరిగేసరికి పేటలో సగం మంది పార్కులోనే తేలారు. ఇన్నాళ్లూ చెవుల్లో డప్పులు మోగించుకుంటూ కదలకుండా నిలబడ్డ కుర్రకారంతా పాటలు మానేసి ఈ పాటకు మారిపోయింది. పార్కు సంఘం అధ్యక్షులవారు ప్రత్యేక సభ జరిపి గుమాస్తాగారి భుజాన శాలువా కప్పి, ఈ విధంగా సెలవిచ్చారు.

“సోదర సోదరీమణులారా, సంగీతమంటే ఏమిటో నాకు ఈ వయసులో తెలిసింది. ఈ పాటలో రాగం లేదు. తాళం లేదు. అర్థం అసలే లేదు. అయినప్పటికీ నేను పరిగెత్తాను. ఎందుకు పరిగెత్తారని నన్నెవరూ అడగలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. ఇంతటి ఐకమత్యం నా ప్రజాజీవితంలో చూడలేదని సవినయంగా మనవి చేస్తున్నాను.”

సభలో బావమరిది కూడా మాట్లాడి, రెండోసారి తర్వాత వచ్చే ఆ ఖాళీ మామూలు ఖాళీ కాదనీ, పూర్వులు దాచిపెట్టిన ఎనిమిదో స్వరమనీ వివరించాడు. తప్పిపోయిన నాలుగడుగులూ సరిగ్గా ఆ ఖాళీలోనే దొరికాయని అల్లుడు ప్రకటించాడు. చప్పట్లు మోగాయి.

గడువు సోమవారం రానే వచ్చింది. వేలంశాల కిటకిటలాడిపోయింది. పార్కు జనమంతా తమ గాయకుణ్ణి చూడటానికి వచ్చి, కుర్చీలు చాలక కిటికీల్లో కూర్చున్నారు. యజమాని ఒక చేతిలో గడియారమూ, ఇంకో చేతిలో గోడౌను తాళమూ పట్టుకుని నిలబడ్డాడు. బల్ల మీద అద్దం లేని నిలువుటద్దం. చట్రం మాత్రం ఉంది. హెడ్మాస్టరుగారు మొదటి పాట పాడారు. పైపాట రాలేదు.

గుమాస్తాగారు ఊపిరి బిగించారు. ఛాతీ కంసాలి కొలిమితిత్తిలా నిండింది. సుత్తి పైకెత్తి ‘ఒకటోసారి’ అన్నారు. కుర్చీలు కిర్రుమన్నాయి. హెడ్మాస్టరుగారి మోకాళ్లు కదిలాయి. తన మోకాళ్లూ కదులుతున్నట్టు గుమాస్తాగారికి తెలుస్తూనే ఉంది. ముప్పైరెండేళ్ల ఉద్యోగాన్ని తలచుకుని బల్ల అంచు గట్టిగా పట్టుకున్నారు. కానీ ‘రెండోసారి’ అన్న మాట నోట్లోంచి వెలువడటం, చెయ్యి బల్లను వదలడం, కాలు గుమ్మం దాటడం ఒక్కసారే జరిగాయి. వెనకాలే వేలంశాల మొత్తం లేచింది. కిటికీల్లోవాళ్లు కిటికీల్లోంచే దూకారు. వీధి పొడవునా సుత్తితో గుమాస్తాగారు ముందు, జనం వెనక, రసీదు పుస్తకంతో యజమాని చిట్టచివర. వెనకబడిన ప్రతివాడూ ముందున్నవాడి మీద పైపాట పాడుతున్నాడు. తపాలా ఆఫీసు మలుపు దగ్గర, ఊరు ప్రతిధ్వనించేలా ‘మూడోసారి’ వినబడింది. సుత్తి దెబ్బ తపాలా పెట్టె మీద పడింది. మధ్యలో ఆయన గాలి పీల్చినట్టు సాక్ష్యం చెప్పేవాడు ఒక్కడూ దొరకలేదు. నిలువుటద్దం చట్రం, అద్దమున్న నిలువుటద్దానికి కూడా ఏనాడూ పలకని ధరకు, హెడ్మాస్టరుగారికే పడింది.

యజమాని తిరిగి వేలంశాలకు నడిచి వచ్చేంతసేపు ఆలోచించాడు. చేరేసరికి ఆలోచన పూర్తయింది. ఉత్తర్వు చింపేశాడు. జిగురు డబ్బా మీద పేరు గోకేయించాడు. గుమాస్తాగారిని ‘సంచార వేలం ప్రధానాధికారి’గా నియమిస్తూ కొత్త ఉత్తర్వు రాశాడు.

అప్పటినుంచి వేలం పార్కులోనే, పరుగు మీదే. మొదట్లో సరుకును తోపుడు బండి మీద పక్కన తెచ్చేవాళ్లు. బండి ఈ వేగానికి ఆగలేక రెండుసార్లు తిరగబడింది. మూడో వారం బండి తేవడం మానేశారు. ఫిర్యాదు రాలేదు. నాలుగో వారం గోడౌను ఖాళీ అయిపోయింది. అది కూడా ఎవరూ గమనించలేదు. పాటలు మాత్రం వెనకటికి మూడింతలు పెరిగాయి. డాక్టరు గుమాస్తాగారి ఛాతీని మళ్లీ విని, ఇంత ఊపిరి ఒక్క మనిషికి అనవసరమన్నాడు.

ఒకరోజు ఇంటావిడ కళ్లజోడు ఇవ్వడానికి పార్కుకు వచ్చి, కాసేపు నిలబడి చూసి అడిగింది. “ఏమండీ, ఇంతకీ సరుకేదీ?”

“సరుకు చూడటానికి ఆగినవాడికి పాట దక్కదే,” అన్నారు గుమాస్తాగారు, పరుగాపకుండానే.

ఆవిడ కళ్లజోడు బెంచీ మీద పెట్టి ఇంటికి వెళ్లిపోయింది. ఆవిడకు వ్యాపారం తెలియదని అక్కడున్న పెద్దలందరూ సానుభూతి చూపారు.

ఈమధ్య పేటకు కొత్తగా కాపురం వచ్చిన ఒకాయన నలుగురితోపాటు పరుగులో కలిశాడు. నాలుగు రోజులు పరిగెత్తాక ఐదో రోజు బూటు తాడు ఊడి, కట్టుకోవడానికి వంగాడు. పక్కనే ఆయాసపడుతూ వస్తున్న బ్యాంకు మేనేజరును, “ఇంతకీ ఈ పాట దేనికండీ?” అని అడిగాడు.

“ఏమోనండీ, నాకేం తెలుసు,” అన్నాడు మేనేజరు. “మీ పేర పడకూడదని పరిగెత్తుతున్నాను.”

కొత్తాయన ఆ తాడు కట్టుకోలేదు. బూటు అక్కడే వదిలేశాడు. ఇప్పుడు అందరికంటే ముందు పరిగెత్తుతున్నది ఆయనే.