కోదాడలో ఉన్నది

ఆ శనివారం పొద్దున వెంకటేశం వేసుకున్న పథకం చాలా చిన్నది. మిద్దె మీద ఆరేసిన షామియానా గుడ్డలు మడతపెట్టాలి, నడిగూడెంలో ఓణీల ఫంక్షన్‌కు పంపించాలి, ఎండ ముదరకముందే ఇంటికొచ్చి పడుకోవాలి. సూర్యాపేటలో ఆయనకు టెంట్ హౌస్ ఉంది. చుట్టుపక్కల ఎవరింట్లో పెళ్లయినా కుర్చీలు ఆయనవే. తన ఇంటి ముందు మాత్రం టెంటు వేసుకునే యోగం ఇంకా రాలేదు. ఒక్కగానొక్క కొడుకు ముఖేష్ కరెంటు ఆఫీసులో ఉద్యోగి. ముప్పై ఏళ్లొచ్చినా, పెళ్లి మాటెత్తితే చాలు, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుంటాడు.

ముఖేష్ ధ్యాసంతా కొంతకాలంగా వేరేచోట ఉంది. ఆటలు ఆడుకోవడానికి ఒక కంప్యూటర్ కావాలి. అదీ దుకాణంలో తయారుగా దొరికేది కాదు, ఒక్కో భాగం ఏరి తెచ్చి తన చేతుల్తో బిగించుకునేది. స్నేహితుడు శ్రీను సలహాతో దాదాపు అన్నీ తేలాయి. తేలనిదల్లా గ్రాఫిక్స్ కార్డు. తెర మీద బొమ్మ తడబడకుండా పరుగెత్తాలంటే అదే ప్రాణం, అన్నిట్లోకీ ఖరీదైనదీ అదే. అందుకని ఎవరైనా వాడి అమ్ముతున్నది దొరుకుతుందేమోనని వెతుకుతున్నాడు. ఈ వయసులో ఆటలేమిటంటారని ఇంట్లో చెప్పలేదు.

వెంకటేశం మిద్దె ఎక్కేసరికి ముఖేష్ నీళ్ల ట్యాంకు అవతల నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు.

"శానా సూసినరా శ్రీనూ. ఇగ కోదాడల ఉన్నదే ఖాయం జేస్త. కొత్తది కాదు, ఎరికే. ఆయన దగ్గర రెండేండ్లున్నదంట. ఉంటే ఏంది? మంచిగనే సూసుకున్నడంట. ఫోటో పంపిండు, ఏడ గూడ గీత లేదు."

వెంకటేశం చేతిలోని గుడ్డ జారింది.

"పొడుగు జర ఎక్కువే. తినుడు గూడ గట్టిగనే తింటదంట. కని ఎంత పని జెప్పినా గరం గాదట, సప్పుడు జెయ్యదట. ఆయన కొత్తదాన్ని తెచ్చుకుంటుండు, అందుకే దీన్ని ఇడిసిపెడుతుండు. నాకున్నది ఒక్కటే భయంరా, మదర్‌తోటి కుదరాలె. మదర్‌తోటి పడకపోతే ఎంత మంచిదైనా ఏం ఫాయిదా? లే, ఇంట్ల చెప్పలే. రేపు పొయ్యి తీస్కచ్చినంక సూద్దాం. శివాజీ అంట, బస్టాండు ఎనక గల్లీలనే ఇల్లు."

తెలుగుతో వచ్చిన చిక్కే ఇది. ఆడమనిషి వచ్చినా వచ్చిందే, అలమారా వచ్చినా వచ్చిందే. ముఖేష్ తింటదన్నది కరెంటును, మదర్ అన్నది మదర్‌బోర్డును, అంటే భాగాలన్నీ ఎక్కి కూర్చునే పలకను. వెంకటేశానికి మాత్రం కథంతా కళ్లకు కట్టినట్టు కనబడింది. కోదాడలో శివాజీ అనేవాడు రెండేళ్లు కాపురం చేసిన పిల్లను వదిలేసి ఇంకొకతెను తెచ్చుకుంటున్నాడు. ఆ వదిలేసిన పిల్లను తన కొడుకు రేపు ఇంటికి తీసుకొస్తున్నాడు.

గుడ్డలు అక్కడే వదిలేసి వంటింట్లోకి దిగాడు. భార్య శోభారాణి ఉప్మాకు ఉల్లిగడ్డలు కోస్తున్నది. ఆయన చెప్పింది విని కత్తి కింద పెట్టింది. "నా కొడుకు అసొంటోడు కాదు" అని కాసేపు ఏడ్చింది. తర్వాత ఉల్లిగడ్డల కోసం ఇంకాసేపు ఏడ్చింది. ఆ తర్వాత కొంగుతో ముఖం తుడుచుకొని అడిగింది.

"మదర్‌తోటి కుదరాలె అన్నడా?"

"అన్నడు."

"మదర్‌తోటి పడకపోతే ఎంత మంచిదైనా ఏం ఫాయిదా అన్నడా?"

"అన్నడంటి గదనే."

ఆమె ముఖం మెల్లగా విచ్చుకున్నది. "పొద్దున లేస్తే నాతోటి రెండు మాటలు మాట్లాడడు. మనసుల మాత్రం అమ్మనే పెట్టుకున్నడు. ఇగ ఆ పిల్లకు ముందొక పెండ్లయితే ఏంది? పాపం, వాడు ఇడిసిపెడితే దాని తప్పా? పోయి సూసొద్దాం."

ఇలాంటి వ్యవహారానికి పెద్దమనిషి ఒకరు వెంట ఉండాలి. శోభారాణి అన్న గట్టయ్య ఉన్నాడు. పదిమందిలో కూర్చుని పంచాయితీ చెప్పడమంటే ఆయనకు భోజనం కన్న ఇష్టం. ఫోన్ చేయగానే కారు తీసుకొని వచ్చేశాడు. ముఖేష్ ఆఫీసుకు పోయాక, నడిగూడెం సామాను పనివాళ్లకు అప్పజెప్పి, ముగ్గురూ కోదాడ బయలుదేరారు. దారిలో ఆపి శోభారాణి బత్తాయిలు కొన్నది.

శివాజీ ఇల్లు సులభంగానే దొరికింది. తలుపు తీసిన మనిషి సన్నగా, కళ్లద్దాలతో, చూడటానికి మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. అది చూసి వెంకటేశానికి ఇంకా ఒళ్లు మండింది.

"సూర్యాపేట ముఖేష్ నాయనను నేను."

"అయ్యో, రండి రండి! రేపు ముఖేష్ గారే వస్తానన్నారు. మీరే వచ్చారా! కూర్చోండి." శివాజీ లోపలి గుమ్మం వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "కాస్త మెల్లగా మాట్లాడుకుందామండీ. దాని సంగతి మా ఆవిడకి తెలీదు."

గట్టయ్య బావ వైపు చూశాడు. "తెల్వదా?"

"రెండేళ్ల నుంచీ తెలీదండీ. పైన గదిలో పెట్టుకున్నాను. ఆవిడ పైకి రాదు."

"మరి ఇప్పుడెందుకు వదిలించుకుంటున్నవయ్యా?"

"దాంట్లో లోపమేం లేదండీ. ఇంకా కొన్నేళ్లు బాగానే పనిచేస్తుంది. నాకే మోజు, కొత్తది తీసుకుందామని."

శోభారాణి బత్తాయిల సంచి గట్టిగా పట్టుకున్నది. గట్టయ్య మాత్రం తొణకలేదు. పంచాయితీకి ఒక పద్ధతి ఉంటుంది.

"కాగితాలున్నయా?"

"అన్నీ ఉన్నాయండీ. పెట్టెతో సహా దాచాను, పెట్టె కూడా మీకే. కావాలంటే ఒక పూట తీసుకెళ్లి చూసుకోండి. నచ్చకపోతే తిరిగి ఇచ్చేయండి."

"ఛీ!" అని వెంకటేశం లేచి నిలబడ్డాడు. "ఆడపిల్ల అనుకుంటున్నవా, అంగట్ల సరుకు అనుకుంటున్నవా? రెండేండ్లు మీది గదిల దాసిపెట్టుకొని, మోజు తీరంగనే పెట్టెతోటి సహా పంపిస్తవా?"

సరిగ్గా అప్పుడే శివాజీ భార్య సరిత మంచినీళ్ల పళ్లెంతో గుమ్మంలోకి వచ్చింది. పళ్లెం బల్ల మీద పెట్టింది. ఒక్క గ్లాసు కూడా ఎవరికీ ఇవ్వలేదు.

"ఎవరండీ పై గదిలో?"

"అదికాదు సరితా..."

"రెండేళ్లా?"

"నీకు చెప్పాలనే అనుకున్నా. ధైర్యం చాల్లేదు."

అంతకుమించి వినడానికి సరిత అక్కడ లేదు. మెట్లెక్కుతున్నది. ఆమె వెనక శోభారాణి ఎక్కింది. ఇద్దరూ ఒకరినొకరు ఎన్నడూ చూసి ఎరుగరు, అయినా సొంత అక్కాచెల్లెళ్లలా ఒక్క ఊపున పైకి చేరారు. మగవాళ్లు ముగ్గురూ వెనకాల పడ్డారు. సరిత తలుపు తోసింది. గదిలో మంచం, బల్ల, కుర్చీ, బల్ల మీద రంగురంగుల దీపాలతో వెలుగుతున్న ఒక నల్ల పెట్టె ఉన్నాయి. మనిషి జాడ లేదు. శోభారాణి వంగి మంచం కింద కూడా చూసింది.

"ఏదీ? ఎక్కడ?" అన్నది సరిత.

శివాజీ నల్ల పెట్టె పక్క పలక తీసి, లోపల ఇటుకంత ఉన్న ఒక వస్తువును చూపించాడు. "ఇదే. గ్రాఫిక్స్ కార్డు."

గట్టయ్య జేబులోంచి కళ్లద్దాలు తీసి పెట్టుకున్నాడు. వంగి చూశాడు. "ఈమెనా?" అన్నాడు.

ఆ తర్వాత విషయం తేలడానికి ఎక్కువ సేపు పట్టలేదు. శివాజీ ఒక్కో భాగాన్నీ చూపిస్తూ ఇది ఫలానా, ఇది ఫలానా అని వివరించాడు. వెంకటేశం తప్పయిందని చేతులు పట్టుకున్నాడు. సరిత కూడా మొదట హమ్మయ్య అనుకున్నది. అనుకున్నాక ధర అడిగింది. శివాజీ చెప్పాడు. ఆమె కుర్చీలో కూలబడింది.

"ఇంతా? నిజంగా మనిషే ఉన్నా నయం కదండీ, గిన్నెలన్నా కడిగేది!"

"అందుకేగా అమ్మేస్తున్నాను."

"అమ్మి ఆ డబ్బుల మీద ఇంకొన్ని వేసి ఇంకోటి తెస్తారు. అమ్మేది లేదు, తెచ్చేది లేదు." సరిత అప్పటికప్పుడు దాన్ని ఊడదీయించి, కొంగులో చుట్టుకొని కిందికి తీసుకుపోయి బీరువాలో పెట్టి తాళం వేసింది. తాళంచెవి నడుముకు దోపుకున్నది. బత్తాయిలు మాత్రం తీసుకుంది.

తిరుగు దారిలో మునగాల దాటాక శోభారాణి అడిగింది.

"మదర్ అంటే ఆ పచ్చ పలకనా?"

"ఆఁ, అదే" అన్నాడు వెంకటేశం.

"నన్ను అనలేదన్నట్టు."

పెళ్లయిన ఇన్నేళ్లలో భార్య ముఖం అంత చిన్నబోవడం వెంకటేశం చూడలేదు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చున్నది.

ఇంటికొచ్చేసరికి ముఖేష్ గుమ్మంలోనే ఉన్నాడు. శివాజీ ఫోన్ చేసి అంతా చెప్పాడు. ముఖేష్ అరవలేదు, అదే ఇంకా బాధయింది. "నన్ను ఒక్క మాట అడిగితే అయిపోవు గదా నాయనా. ఇగ ఆ కార్డు నాకు దొరకదు" అని గదిలోకి పోయి తలుపు వేసుకున్నాడు.

శోభారాణి తలుపు దగ్గర నిలబడి చెప్పింది. "నీకేది పసందైతే అది తెచ్చుకో బిడ్డా. ఇగ మేం ఏడికి పోం, ఎవల్ని అడగం. ఒట్టు." వెంకటేశం కూడా ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ ఒట్టును ఇద్దరూ నిష్ఠగా పాటించారు. కొడుకు గదిలోకి ఒక్కో అట్టపెట్టె వస్తుంటే కొరియర్ వాళ్లకు చల్ల పోసి పంపించారు. కార్డు మాట వస్తే మాత్రం నోరు మెదపలేదు. శ్రీను వచ్చి మిర్యాలగూడలో ఇంకోటి ఉందని చెప్పాడు. ముఖేష్ ఆదివారం పోయి, సాయంత్రం వట్టి చేతులతో వచ్చాడు. పై ఆదివారం మళ్లీ పోయాడు. ఆ పై ఆదివారం చొక్కా ఇస్త్రీ చేయించుకొని పోయాడు. వాడిన సరుకు కదా, అన్ని తీర్లా పరీక్ష చేసుకుంటున్నాడని వెంకటేశం భార్యకు చెప్పాడు.

ఒకరోజు భోజనాల దగ్గర శోభారాణి ఉండబట్టలేక అడిగింది. "మిర్యాలగూడది ఎట్లున్నదిరా?"

ముఖేష్ ముద్ద నోటి దాకా తెచ్చి ఆగిపోయాడు. "శ్రీనుగాడు చెప్పిండా?"

"చెప్పకుంటే మాకు తెల్వదా? నచ్చిందా?"

"నచ్చింది అమ్మా." తల వంచుకున్నాడు.

"దీనికి గూడ ముందెవరన్నా ఉన్నరా?" కోదాడ అనుభవం ఆమెను ఆరితేరిన మనిషిని చేసింది.

"అమ్మా! ఎవరు లేరు!"

"మరింక మంచిది. గరం గాదు గదా?"

ముఖేష్ కాసేపు ఆలోచించాడు. "అప్పుడప్పుడు అయితది. తొందరగనే సల్లబడ్తది."

"పొడుగు?" వెంకటేశం అడిగాడు.

"నాకన్న జర తక్కువ."

కొడుకు గదిలోని కంప్యూటర్ పెట్టె వెంకటేశం కళ్ల ముందు మెదిలింది. ఇది అందులో ఎలా పడుతుందో ఆయనకు అర్థం కాలేదు. కానీ ఒట్టు ఒట్టే. "నీకు సరిపోతే సాలు. ఆలస్యం జెయ్యక తీస్కరా" అన్నాడు.

"నిజంగనా నాయనా? మీకిద్దరికి ఇష్టమేనా?"

"మాదేమున్నది బిడ్డా" అన్నది శోభారాణి. ముఖేష్ కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక వస్తువు కోసం ఇంత ఇదైపోయే పిల్లాడిని ఇన్నాళ్లు ఉసురు పెట్టామే అని ఆమెకూ నీళ్లు తిరిగాయి.

ఆదివారం పదిన్నరకు ఇంటి ముందు కారు ఆగింది. ముఖేష్ దిగాడు. వెనక సీట్లోంచి పట్టుచీరలో ఒక అమ్మాయి దిగింది. ఆమె చేతిలో రిబ్బను కట్టిన అట్టపెట్టె ఉంది. ఆమె వెనక పళ్ల బుట్టలతో తల్లీ తండ్రీ దిగారు. కార్డు వస్తున్న శుభసందర్భానికి భోజనానికి పిలవగా వచ్చిన గట్టయ్య వరండాలోనే ఉన్నాడు. ఈసారి పొరపాటు పడకూడదని కళ్లద్దాలు ముందే పెట్టుకొని, ఎదురు పోయి, అట్టపెట్టె వైపు ఆప్యాయంగా చూశాడు.

"ఇదేనా మిర్యాలగూడది?"

"అది కార్డండీ" అన్నది అమ్మాయి. "మిర్యాలగూడది నేను. సుకన్య."

రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు చూసే సుకన్యే కార్డు అమ్మకానికి పెట్టింది. అది ఎలా పనిచేస్తుందో చూపించడానికి మొదటి ఆదివారం ముఖేష్‌తో ఒక ఆట ఆడింది. ముఖేష్ ఓడిపోయాడు. గెలుద్దామని మళ్లీ పోయాడు, మళ్లీ ఓడిపోయాడు. ఎన్ని వారాలు పోయినా గెలవకపోయేసరికి పెళ్లి చేసుకుందామని అడిగాడు.

"మా అమ్మానాయన ముందే ఒప్పుకున్నరండీ" అని ముఖేష్ అందరి ముందూ గర్వంగా చెప్పాడు. వెంకటేశం నోరు తెరిచి భార్య వైపు చూశాడు. శోభారాణి అప్పటికే సుకన్య చెయ్యి పట్టుకొని తన పక్కన కూర్చోబెట్టుకున్నది. ఉల్లిగడ్డలు లేకుండానే ఏడుస్తున్నది.

చాయ్‌లయ్యాక సుకన్య తండ్రి వెంకటేశం దగ్గరికి జరిగాడు. "మా పిల్ల గురించి మీరేమన్న అడిగేదుంటే మొహమాటపడకుండా అడగండి బావగారూ."

తాను, భార్య ముందే అన్నీ అడిగి తెలుసుకున్నామని వెంకటేశం చెప్పాడు. ఏమేం అడిగారో మాత్రం వియ్యంకుడికి ఈ రోజు దాకా చెప్పలేదు.