జంట మిణుగురుల కబురు పథకం

ఒక పెద్ద అడవిలో ఏడు కార్యాలయాలుండేవి. ఏడింటి మధ్యా కబుర్లు మోసేది ఒక్క ఉడుత, చుక్కమ్మ. ఆ ఉద్యోగంతోపాటే ఒక తొర్ర క్వార్టర్సు ఇచ్చారు. ఉద్యోగం పోతే తొర్రా పోతుంది.

ఒకరోజు మంత్రి నక్క సభ పెట్టించాడు. పక్కన ప్రొఫెసర్ గుడ్లగూబ, చేతిలో చిన్న పెట్టె.

"ఇవి జంట మిణుగురులు. ఇక్కడ మూత తీస్తే ఏ రంగు వెలుగుతుందో, ఏటి ఎగువ కార్యాలయంలో ఉన్న పెట్టెలో దాని జంట కూడా అదే రంగు వెలుగుతుంది!" అన్నాడు నక్క.

మూత తీశారు. పచ్చగా వెలిగింది. ఎగువన కూడా పచ్చేనా? చుక్కమ్మే పరుగెత్తి వెళ్ళి, చూసొచ్చి, "పచ్చేనండీ" అని రొప్పుతూ చెప్పింది. సభంతా చప్పట్లు.

"చూశారా! ఇక ఉడుతెందుకు?" అన్నాడు నక్క.

చుక్కమ్మ ముందుకొచ్చి అడిగింది. "అయ్యా, ఏ రంగు వెలగాలో దానికి ఎవరు చెబుతారు?"

"ఎవరూ చెప్పలేరమ్మా, దాని ఇష్టం," అన్నాడు గుడ్లగూబ.

"మరి వరదొస్తోందని దానితో ఎలా చెప్పిస్తారు?"

"మంచి పని మొదలెడుతుంటే అడ్డు ప్రశ్నలేంటి?" అని నక్క కసిరాడు.

అధ్యక్షులు ఏనుగుగారు గొంతు సవరించుకున్నారు. "ఒకే మిణుగురును ఏడు కార్యాలయాలకూ ముడిపెట్టలేమా?"

"కుదరదండీ. ఒకదానితో గట్టిగా ముడిపడ్డాక అది ఇంకొకదాన్ని పట్టించుకోదు," అన్నాడు గుడ్లగూబ.

"అయితే మిణుగురులకు సర్క్యులర్ పంపండి," అని, గుడ్లగూబ రాసిన పథకం ఫైలు మొదటి పేజీలోనే సంతకం పెట్టేశారు ఏనుగుగారు. తొండంతో పేజీలు తిప్పడం వారికి మహా విసుగు.

మూడోనాడు పొద్దున, ఉద్యోగం పోయిన చుక్కమ్మ ఏడుస్తూ తొర్ర ఖాళీ చేస్తుండగా ఎగువన గట్టు తెగింది. అక్కడి కార్యాలయం చూసే ఎలుగుబంటి మూత తీసి, "గట్టు తెగిందిరోయ్!" అని మిణుగురు మొహం మీదే అరిచాడు. అది పసుపుగా వెలిగింది. ఇక్కడా పసుపే.

"నూటికి నూరు మార్కులు!" అని నక్క గంతులేశాడు.

చెట్టు చిటారు కొమ్మ నుంచి నీళ్ళు చూసిన చుక్కమ్మ పరుగున వచ్చింది. "వరదండీ, గుట్టెక్కండి!"

"కబురు సరైన మార్గంలో రాలేదు, తీసుకోం," అన్నాడు నక్క. నీళ్ళు మెడదాకా వచ్చాక తీసుకున్నాడు.

గుట్ట మీద ఏనుగుగారు గుడ్లగూబ మీద విరుచుకుపడ్డారు. "ఏమయ్యా, ఇదేనా నీ చదువు?"

"ఆఖరి పేజీలో రాశాను కదండీ! 'ఒక ఉడుత తప్పనిసరి. అది జంటలో ఒకదాన్ని మోసుకొచ్చి రెండోదాని పక్కన పెడితే, రెండింటినీ కలిపి చూసి ఒక్క పరుగులో రెండు కబుర్లు చదవొచ్చు' అని."

చుక్కమ్మను వెంటనే ఉద్యోగంలోకి తీసుకున్నారు. కొత్త హోదా 'మిణుగురు సహాయకురాలు'. వీపు మీద పెట్టె, పరుగుకు రెండు కబుర్లు. తొర్ర మాత్రం మిణుగురులకు కేటాయించారు.

నీతి: పరుగెత్తేవాళ్ళ ఉద్యోగం ఎక్కడికీ పోదు, పోయేది ఇల్లే.