మంచం కింది టైర్లు

జిల్లాకు ఈ యేడు మంజూరైన పెద్ద ప్రమాదాల్లో ఒకటి ముత్యాలు మొగుడి ఆటోకు గానీ, తమ్ముడి ఆటోకు గానీ రావలసి ఉంది. ఎవరికన్నది ఇంకా తేలలేదు. రెండు బండ్లనూ పక్కపక్కన నిలబెట్టి తనిఖీ చేస్తామనీ, ఏది ఎక్కువ నాసిగా ఉంటే దానికే కేటాయిస్తామనీ ఇన్సూరెన్స్ ఆఫీసు కబురు పంపింది.

పూర్వం ఇలా ఉండేది కాదు. ప్రమాదాలు తోచినప్పుడు, తోచిన చోట, తోచినవాడికి జరిగిపోయేవి. ఆఫీసువాళ్లు వెనకాల పరిగెత్తి లెక్క తేల్చుకునేవారు. ఇప్పుడు ఆ గందరగోళం లేదు. ఫిట్‌నెస్ తనిఖీలో తేలిన వివరాలు పట్టుకుని బండ్లను జతలు జతలుగా పోల్చి చూస్తారు. నాసిబండికి ప్రమాదం, రెండోదానికి ఊరట. ఆసుపత్రిలో మంచం ముందే ఖాయం చేసి ఉంచుతారు. పెళ్లి ముహూర్తం పెట్టుకునేవాళ్లు కూడా ఆఫీసులో ఒక మాట కనుక్కుని మరీ పెట్టుకుంటున్నారు. పోయినేడు మార్కెట్ రోడ్డులో ఎవరికీ కేటాయించని ప్రమాదం ఒకటి జరిగితే, అనుమతి లేదని దాన్ని కొట్టేశారు. అందులో కాలు పోయినవాడికి ఆఫీసు లెక్కలో కాలు ఉన్నట్టే.

ముత్యాలు మొగుడు పైడిరాజు, తమ్ముడు తవిటినాయుడు ఒకే రోజున ఆటోలు కొన్నారు. నంబర్లు పక్కపక్కన పడ్డాయి. బావా బావమరుదులు బండ్ల నంబర్లలో కూడా విడిపోలేదని ముత్యాలు మురిసిపోయి, గుమ్మడికాయ కొట్టి దిష్టి తీసింది. ఇప్పుడు తనిఖీకి ఇద్దరూ జతగా దొరికింది ఆ నంబర్ల వల్లే.

అసలు చిక్కు వేరే ఉంది. రెండు ఆటోలకూ కలిపి మంచి టైర్లు ఒక్క బండికి సరిపడానే ఉన్నాయి. అవి ముత్యాలు మంచం కింద గోనెసంచిలో ఉంటాయి. ఫిట్‌నెస్‌కు వెళ్లే పూట బండికి తొడుగుతారు, తిరిగి రాగానే విప్పి, తుడిచి, మళ్లీ మంచం కిందికి తోస్తారు. మిగిలిన యేడంతా నున్నగా అరిగిపోయిన టైర్ల మీదే బతుకు. ముందు బావ బండి, తర్వాత బావమరిది బండి, లేనింట్లో అన్నదమ్ములు ఒకే మంచి చొక్కాను పెళ్లిళ్లకు తిప్పుకున్నట్టు ఆ టైర్లను తిప్పుకునేవారు. తనిఖీ అధికారి కూడా వాటిని గుర్తుపట్టి, కులాసాగా ఉన్నాయని సంతోషించేవాడు. వీధి వీధంతా చేసేది అదే గనక దీన్ని ఎవరూ మోసమనుకోరు.

ఈసారి రెండు బండ్లూ ఒకే పూట నిలబడాలి.

ముందు తవిటినాయుడు వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "అప్పా, టైర్లు బావకే ఎయ్యి. నాకేటి, నానెలాగోలా ఎల్లిపోతాను" అన్నాడు. అతని ఇంట్లో పసిపిల్లకు ఇంకా పేరు పెట్టలేదు. ప్రమాదం సంగతి తేలాక పెడదామని ఆగారు.

అతను వెళ్లాక పైడిరాజు అన్నం ముందు కూర్చుని, "నీ తమ్ముడికే ఇచ్చేయ్. ఆడికి పసిగుంట ఉన్నాది. మన గుంటలు ఎదిగొచ్చినారు కదా" అన్నాడు.

ఇద్దరూ మంచి మాటే అన్నారు. అంటున్నంతసేపూ ఇద్దరి కళ్లూ మంచం కిందికే పోయాయి. ముత్యాలు అది చూసింది, చూసినందుకు తన మీద తనకే రోత పుట్టింది. ఎవరితో చెప్పుకుంటుంది? కడుపు చించుకుంటే కాళ్ల మీదే పడుతుంది. తల్లి పోయాక తమ్ముణ్ణి చంకనేసుకుని పెంచింది తనే. తాగి వచ్చే మొగుణ్ణి మనిషిని చేసుకుందీ తనే. ఒకరికి టైర్లు ఇవ్వడమంటే రెండోవాడికి తన చేత్తో ప్రమాదం వడ్డించడమే.

తనిఖీ నాటి పొద్దున ఇద్దరూ వాకిట్లో నిలబడితే ఆమె మంచం మీంచి దిగలేదు.

"ఎవులికీ ఇవ్వను" అంది ఏడుస్తూ. "ఉన్నవాటితోనే ఎల్లండి. పైడితల్లి అమ్మోరే చూసుకుంటాది."

తనకు దక్కకపోయినా ఎదుటివాడికీ దక్కలేదన్న తెరిపి ఇద్దరి మొహాల్లోనూ ఒక్కలాగే కనిపించింది.

తనిఖీ అధికారి మర్యాదస్తుడు. వాళ్ల వెంట వచ్చిన ముత్యాలుకు కుర్చీ వేయించాడు. బ్రేకులు తొక్కించాడు, లైట్లు వేయించాడు, టైర్ల మీద అరచేత్తో రాసి చూశాడు. రెండు బండ్లకూ కుడి లైటు లేదు. రెండింటి బ్రేకులూ తొక్కిన చాలాసేపటికి గానీ పట్టలేదు. రెండుసార్లు పోల్చి చూసినా వెంట్రుకవాసి తేడా రాలేదు.

"ఇంత సమానత్వం నా సర్వీసులో చూడలేదమ్మా" అన్నాడు.

ముత్యాలుకు ప్రాణం లేచొచ్చింది. "మరైతే రద్దేనా బాబూ?"

"మంజూరైనదాన్ని వెనక్కి పంపకూడదమ్మా. పంపితే వచ్చే యేడు జిల్లాకు తగ్గించి ఇస్తారు. ఇద్దరికీ కలిపి ఒకటే ఇచ్చేస్తాం. ఎదురెదురుగా."

ఫిట్‌నెస్ లేని బండికి ప్రమాదం ఇవ్వడం నిబంధనలకు విరుద్ధం. కాబట్టి రెండు బండ్లూ పాసయ్యాయి, అద్దాలకు స్టిక్కర్లు కూడా పడ్డాయి. చోటు మీరే ఎంచుకోవచ్చని అధికారి వెసులుబాటు ఇచ్చాడు. వంతెన మలుపు బాగుంటుందని పైడిరాజే చెప్పాడు. గొయ్యి అక్కడ ఎన్నాళ్ల నుంచో ఉంది, వేరే ఏర్పాట్లు అక్కర్లేదు.

"బావా, నువ్వు బజారు కాడ నుంచి రా. నాను స్టేషన్ కాడ నుంచి వస్తాను" అన్నాడు తవిటినాయుడు. పైడిరాజు తలూపి, అతని భుజమ్మీద చెయ్యి వేశాడు. వాళ్లు అంత దగ్గరగా నిలబడి చాలా రోజులైంది.

ప్రమాదం రోజు రానే వచ్చింది. ఇద్దరూ బండ్లు కడిగి, పసుపు రాసి, నిమ్మకాయలు కట్టారు. ముత్యాలు గోనెసంచిని వాకిట్లోకి ఈడ్చుకొచ్చింది. "ఈ పూటైనా ఏసుకోండర్రా. ఎవులో ఒకలు" అంటూ ఇద్దరి చేతులూ పట్టుకుంది.

తవిటినాయుడు బావ వైపు చూశాడు. పైడిరాజు వంగి, ఒక టైరును బొటనవేలితో నొక్కి చూసి, సంచి మూతి ముడిచాడు.

"రోడ్డుకెక్కితే ఇయ్యి అరిగిపోతాయే. మళ్లేడు ఫిట్‌నెస్‌కి ఏటి సేస్తాం?"

"అవునప్పా" అన్నాడు తవిటినాయుడు.

ముత్యాలు ఇద్దరి చేతులూ వదిలేసింది. ఆ మాట సబబేనని ఆమెకూ తోచింది. రెండు ఆటోలూ చెరో దారిన వెళ్లాక టైర్లను మంచం దగ్గరికి తీసుకెళ్లి, కొంగుతో ఒక్కొక్కటే తుడవసాగింది. వంతెన వైపు నుంచి చప్పుడు వచ్చేసరికి ఆమె మూడోదాన్ని తుడుస్తోంది. దేనికీ గీత కూడా పడలేదు.