ముప్పై ఇళ్ల బదులు

ఆ సోమవారం ఉదయం వరహాలరావు గారు వేసుకున్న పథకం చాలా చిన్నది. రోడ్డు కచేరీ పాకకు ఒక మూల చిల్లు పడింది. దాన్ని మూయించాలి. గురువారం సాయంత్రం దొర తనిఖీకి వస్తున్నాడు. దొర కూర్చునే కుర్చీ సరిగ్గా ఆ చిల్లు కిందే ఉంది. దొర మనసు చల్లగా ఉండి రెండు మంచి ముక్కలు రాస్తే విజయనగరం బదిలీ ఖాయం. అక్కడ ఆయన భార్య కమల ఉంది. పుట్టి మూడు నెలలైనా తండ్రి ఇంకా కళ్లతో చూడని కూతురు ఉంది.

ఇది పందొమ్మిది వందల ఇరవై ఏడు నాటి మాట. కొండల్లో పితూరీ చల్లారి మూడేళ్లయింది. గంగరాజు మాడుగుల ఊరు దాటాక, గెడ్డ ఒడ్డున, ఆ కొండవాగు పక్కనే ఉండేది ఆ కచేరీ. గుమస్తా వరహాలరావు గారు, మేస్త్రీ పోతురాజు, బంట్రోతు పైడిరాజు, అంతే సిబ్బంది. ముగ్గురూ ఒకే గదిలో కూర్చుని ఎవరి గోల వారు చూసుకునేవారు.

"పోతురాజూ, ఆ కప్పు సంగతి కాస్త చూడవయ్యా."

"నాది రోడ్డండి. కప్పు నాది కాదు."

"పైడిరాజూ, నువ్వో?"

"నాది తలుపు బాబూ. తలుపెప్పుడైనా కారిందేటి?"

వాళ్లను అని లాభం లేదు. పోతురాజు మూడు రోజులు జ్వరంతో మూలిగినప్పుడు, జ్వరం నా ఫైలు కాదన్నది వరహాలరావు గారే.

ఆయన గొడుగు పట్టుకుని పక్క గూడేనికి బయలుదేరారు. అంతకుముందు వచ్చిన గుమస్తాలు అక్కడికి కర్ర పట్టుకుని వెళ్లేవారు. దొరికినవాణ్ణి దొరికినట్టు లాక్కొచ్చి, చీకటి పడేదాకా బరువులు మోయించి, గుక్కెడు అంబలైనా పోయకుండా పంపేవారు. వరహాలరావు గారు నెమ్మదైన మనిషి. గూడెం పెద్ద సోంబరును "గారూ" అని పిలిచి, కప్పుకు కాస్త సాయం కావాలన్నారు. అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. పెద్దను పిలిచి మిగతావాళ్లను వదిలేస్తే ఏం మర్యాద అనుకుని, పెళ్లి పిలుపులకు వెళ్లినట్టు గడపగడపకూ వెళ్లి, "మీరూ తప్పకుండా రావాలి" అని ముప్పై ఇళ్లూ పిలిచారు. మైదానపు ఊళ్లలో ముప్పై ఇళ్లు పిలిస్తే ముగ్గురు వస్తారు. ఆయనకు కావలసింది ఇద్దరు.

మంగళవారం తెల్లవారేసరికి ముప్పై ఇళ్లూ వచ్చాయి. ఇంటికి ఇద్దరు చొప్పున, అటకల మీద దాచుకున్న గడ్డి మోపులతో సహా వచ్చాయి.

"అయ్యో, ఒక్క మోపు చాలు సోంబరు గారూ!"

"పిలిసినావు, వచ్చినాం. తెచ్చిన గడ్డి మళ్లీ ఇంటికి మోసుకెల్తే సిగ్గు గదేటి బాబూ?"

ఆయన ఇంకేదో అనేలోపు పాత కప్పు మొత్తం నేల మీద ఉంది. సరిగ్గా అప్పుడే వాన మొదలైంది.

"నా పటాలు! రోడ్డు పటాలన్నీ తడిసిపోతన్నాయి!" అని పోతురాజు గుండెలు బాదుకున్నాడు. వరహాలరావు గారు పరుగున వెళ్లి పటాల పెట్టె రెండో వైపు పట్టుకున్నారు. పదకొండు నెలల్లో ఆ ఇద్దరూ కలిసి ఒక వస్తువును ఎత్తడం అదే మొదలు. పైడిరాజు ఒక్క క్షణం నిలబడి చూశాడు. తర్వాత తన తలుపును ఊడబెరికి తెచ్చి పెట్టె మీద కప్పాడు.

పొద్దు వాలేలోపు కొత్త కప్పు సిద్ధమైంది. ఇప్పుడక్కడ సిమెంటు కట్టడం ఉంది. చిల్లు పడితే టెండరు పిలుస్తారు. ఆ పిలుపు విని గడ్డి మోపుతో వచ్చేవాళ్లు మాత్రం ఎవరూ లేరు. తలుచుకుంటే దిగులేస్తుంది.

పిలిచినవాడు తిండి పెట్టాలి కదా. దొర కోసం తెచ్చిన బియ్యం ఉడికింది. దొర కోసం కట్టేసిన మూడు కోళ్లూ పులుసయ్యాయి. కచేరీవాళ్లు ముగ్గురూ గూడెంవాళ్ల పక్కనే కూర్చుని తిన్నారు. సోంబరు చెయ్యి కడుక్కుని, "రేపు గాసి సేనుకి రండి బాబూ. ఎల్లుండి సోములమ్మ సేనుకి. చోడి సేలో కలుపు ఏపుగా పెరిగిపోనాది" అన్నాడు.

"ఎవరు రావాలి?"

"మీరే. ముప్పై ఇళ్లూ వచ్చినాయి. ముప్పై ఇళ్లకీ బదులు రావాల గదా."

"పిలిసింది ఈయన. నేను కాదు" అన్నాడు పోతురాజు.

"కోడి తిన్నావా, నేదా?"

పోతురాజు వేళ్లకంటిన పులుసు తుడుచుకున్నాడు.

"ఇన్నాళ్లూ కచేరోళ్లు మమ్మల్ని లాక్కెల్లినోళ్లే గాని పిలిసినోళ్లు నేరు. నువ్వు పిలిసినావు" అన్నాడు సోంబరు మెల్లగా. ఆ మాట విన్నాక వరహాలరావు గారు గాసి చేను ఎటువైపో అడిగారు.

గురువారం దొర వచ్చేది సాయంత్రమే కదా అన్న ధైర్యంతో ముగ్గురూ పొద్దున్నే సోములమ్మ చేలో దిగారు. దొర పదింటికే వచ్చాడు. కొత్త కప్పు చూసి మెచ్చుకున్నాడు. లోపల చూస్తే పురుగు లేదు. వెతుక్కుంటూ వచ్చేసరికి, కచేరీ యావత్తూ పాదాలు మునిగే బురదలో కనిపించింది. చేతిలో కలుపు మొక్కలతోనే వరహాలరావు గారు లేచి నిలబడ్డారు. విజయనగరం పోయింది, పాప నడిచే రోజుకైనా చూస్తానో లేదో అనుకుంటే ఆయన కళ్లు చెమర్చాయి.

"ఏమిటిది?" అని దొర నోరు తెరిచేలోపు గెడ్డ వైపు నుంచి కేక వినిపించింది. దొర సామాన్ల బండి నీళ్లలో కూరుకుపోయింది. ఎవరూ చెప్పకుండానే చేలో ఉన్నవాళ్లంతా పరుగెత్తారు. పోతురాజు చక్రానికి భుజం పెట్టాడు. పైడిరాజు దొర పెట్టె నెత్తిన పెట్టుకున్నాడు. బండి ఒడ్డెక్కింది.

దొరకు ఆకలేసింది. కోళ్లు ఎక్కడున్నాయో చెప్పే ధైర్యం ఎవరికీ లేదు. సోములమ్మ సొరబుర్రతో అంబలి అందిస్తే దొర రెండుసార్లు తాగి మూతి తుడుచుకున్నాడు.

"బాబూ, దొర తాగీసినాడు" అన్నాడు పైడిరాజు, గొంతు తగ్గించి.

సోంబరు అప్పటికే చేను వైపు చెయ్యి చూపిస్తున్నాడు. "దొరబాబుకి సెప్పు. బేగి దిగమను, మబ్బేసింది."

వరహాలరావు గారు ఇంగ్లీషులో చెప్పారు. దొర అందరి మొహాలూ చూశాడు. తర్వాత రాయి మీద కూర్చుని బూట్లు విప్పాడు. అరగంటలో ఒక సాలు కలుపంతా తీశాడు, కలుపుతోపాటు చోడి మొక్కలు కూడా.

"సాల్లే నాయనా. ఉన్న సేను ఉండనీ" అంది సోములమ్మ. దొర పడీ పడీ నవ్వాడు.

నెల తిరక్కుండా విజయనగరం ఉత్తర్వు వచ్చింది. అప్పటికింకా పదిహేడు ఇళ్లు మిగిలాయి.

"మీరు ఎల్లండి బాబూ. పాప కోసం ఎదురుసూసినారు. మీ వంతు మేం సేత్తాం" అన్నాడు పోతురాజు. పైడిరాజు తలూపాడు. నాది కాదన్న మాట ఆ గదిలో వినిపించి అప్పటికే చాలా రోజులైంది. వరహాలరావు గారు ఉత్తర్వును రెండుసార్లు చదివి, మడిచి పెట్టె అడుగున పెట్టారు. బదిలీకి పంట కోతల దాకా గడువు కావాలని దొరకు ఒక ఉత్తరం, పాపను తీసుకుని నువ్వే రమ్మని కమలకు ఒక ఉత్తరం రాశారు.

కమల వచ్చింది. గూడెమంతా పాపను ఎత్తుకుని ఆడించింది. కమల కూడా మర్యాద తెలిసిన మనిషే కాబట్టి, మర్నాడు పొద్దున్నే గడపగడపకూ వెళ్లి, వంటపాక వేసుకోవాలి కాస్త సాయం రమ్మని ముప్పై ఇళ్లూ పిలిచి వచ్చింది.