ఏడో ఫ్రేము

ఆ రోజు పొద్దున గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి అచ్చాఫీసుకు వెళ్ళి పుస్తకాలు తెచ్చుకోవాలి. తను తిరిగొచ్చేలోగా శాసనసభ్యుడి కార్యాలయం హాల్లో గోడకి పన్నెండు ఫొటోలు ఎక్కాలి. నాలుగింటికి తన పుస్తకావిష్కరణ సభ. ఐదింటికి మామగారు అల్లుడి పుస్తకం చూసి "ఫరవాలేదు" అనాలి.

ఈ చివరిదే కష్టం. మామగారు రిటైరైన హెడ్మాస్టరు. పొరుగూళ్ళో ఉంటారు. చొక్కా జేబులో ఎర్రకలం లేకుండా గుమ్మం దాటరు. అల్లుడు రాసిన మొట్టమొదటి ఉత్తరంలో తప్పులకి సున్నాలు చుట్టి తిరుగుటపాలో పంపించిన మనిషి. ఈ ఇరవై రెండేళ్ళలో ఒక్కసారి కూడా "అల్లుడూ" అని పిలవలేదు. "ఇదిగో" అంటారు, అంతే. అందుకే గుమాస్తా రెండేళ్ళపాటు ఆదివారాలన్నీ ధారపోసి, తను పనిచేసే నియోజకవర్గం అరవయ్యేళ్ళ రాజకీయ చరిత్రని ఎనభై నాలుగు పేజీల్లో రాశాడు. అట్టమీద తన పేరు ఉంటుంది. లోపల ఒక్క తప్పు ఉండదు. ఇంక ఎర్రకలం ఏం చేస్తుందో చూద్దామని అతని పంతం.

ఆ చరిత్రకి ఒకటే చిల్లు. పన్నెండుమంది సభ్యుల్లో ఏడోవాడు ఎవరో ఎవరికీ తెలియదు. నలభై నాలుగేళ్ళ కిందట ఉప ఎన్నిక వచ్చింది. రెండు పెద్ద పార్టీల నామినేషన్లూ సంతకాలు తప్పడంతో చెల్లకుండా పోయాయి. మిగిలిన ఒకే ఒక్క స్వతంత్ర అభ్యర్థి పోటీ లేకుండా నెగ్గాడు. పంతొమ్మిదో రోజున శాసనసభే రద్దయింది. ఎవరూ ఓటు వెయ్యలేదు గనక ఎవరూ గుర్తు పెట్టుకోలేదు. గుమాస్తాకి దొరికింది పాత గెజిట్లో ఒక పేరు మాత్రమే. ఫొటో కోసం రెండు నెలలు కాళ్ళరిగేలా తిరిగి, చివరికి ఏడో ఫ్రేము కింద ఆ పేరూ పదవీకాలమూ రాసి, లోపల "ఫొటో లభ్యం కాలేదు" అన్న కాగితం పెట్టమని ఫ్రేముల కొట్టు ముసలాయనకి చెప్పాడు. ఊరంతా ఆయన్ని అద్దాలాయన అంటారు.

పనిలో పనిగా పదమూడో ఫ్రేము ఒకటి కట్టమన్నాడు. అది మామగారి పుట్టినరోజు కానుక. బడి వార్షికోత్సవంలో కోటు వేసుకుని, మైకు ముందు చెయ్యెత్తి ఉపన్యసిస్తున్న పాత ఫొటో.

అచ్చాఫీసులో అరగంట పని రెండు గంటలైంది. పుస్తకాల కట్టలు మోసుకుంటూ గుమాస్తా హాల్లోకి వచ్చేసరికి ఫొటోలన్నీ గోడ ఎక్కేశాయి. నాలుగింటికి రావలసిన శాసనసభ్యుడు పన్నెండున్నరకే వచ్చి, పక్కన ఒక విలేఖరిని పెట్టుకుని, ఏడో ఫ్రేము ముందు నిలబడి ఉన్నాడు. ఆ ఫ్రేములో మామగారు చెయ్యెత్తి నిలబడి ఉన్నారు.

గుమాస్తా చేతిలోని కట్ట జారి తన కాలిమీదే పడింది.

"భలేవారే! దొరకదు దొరకదంటూనే సాధించారే!" అన్నాడు శాసనసభ్యుడు. "ఏం ముఖమండీ ఇది! ఆ చూపు చూడండి. ఎలాంటి మనిషీయన?"

"సార్, అది... ఈయన..." కాలి నొప్పికీ భయానికీ మధ్య గుమాస్తాకి అబద్ధం తట్టలేదు. మామగారి గురించి తెలిసిన నిజాలే నోట్లోంచి వచ్చాయి. "చాలా ఖచ్చితమైన మనిషి సార్. ఎవరి దగ్గరా చిన్న కానుక కూడా పుచ్చుకోలేదు. తప్పు చేస్తే ఎంతటివాణ్ణయినా బెంచీ ఎక్కించేవారు."

"బెంచీయా?"

"అంటే... సభలో సార్."

విలేఖరి చకచకా రాసుకున్నాడు. "ఇప్పుడెక్కడున్నారు?" అని అడిగాడు శాసనసభ్యుడు. గుమాస్తా తల వంచుకుని కిందపడ్డ పుస్తకాలు ఏరసాగాడు.

"పోయారా! అయ్యయ్యో," అన్నాడు శాసనసభ్యుడు చెయ్యి గుండెమీద పెట్టుకుంటూ. "సాయంత్రం రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం. రాసుకోండి."

వాళ్ళు లోపలి గదిలోకి వెళ్ళగానే గుమాస్తా స్టూలు లాక్కుని ఎక్కాడు. ఫ్రేముకి చెయ్యి తగిలిందో లేదో వెనకనించి గర్జన వినబడింది. పదకొండో ఫ్రేములో ఉన్న మాజీ సభ్యుడు స్వయంగా వచ్చాడు. ప్రస్తుత సభ్యుడికి బద్ధ శత్రువు.

"ఎందుకు తీస్తున్నారయ్యా దాన్ని? ఆయన మా పార్టీ మనిషని కడుపుమంటా?"

"ఆయన స్వతంత్రుడండీ!"

"పైకి స్వతంత్రుడు. లోపల మావాడు. మా నాన్నగారూ ఆయనా ఒకే కంచంలో తిన్నారు."

ఆ మాట విని శాసనసభ్యుడు గదిలోంచి బయటికి ఉరికాడు. "ఆయనకి మా పార్టీ రహస్యంగా మద్దతిచ్చింది!" అన్నాడు. మాటామాటా పెరిగింది. ఆ గొడవకి వీధిలో పోయేవాళ్ళు లోపలికొచ్చారు. వాళ్ళలో ఒక పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని ఫొటో చూసి, "ఈ మహానుభావుడే మా వీధికి కుళాయి వేయించాడు!" అన్నాడు. ఇంకో ముసలావిడ, "నా పెళ్ళికొచ్చాడు నాయనా. ముందు వరసలో కూర్చున్నాడు," అని కళ్ళొత్తుకుంది. పంతొమ్మిది రోజుల్లో మామగారు కుళాయిలు వేయించి, వంతెన కట్టించి, ముగ్గురికి ఉద్యోగాలు వేయించినట్టు మూడింటికల్లా తేలింది. ఫ్రేము కింద ఎవరో ఒకరు ఫొటో దిగుతూనే ఉన్నారు. గుమాస్తా స్టూలు కూడా ఎవరో కూర్చోడానికి పట్టుకుపోయారు.

గుమాస్తా మూలకి వెళ్ళి భార్యకి ఫోన్ చేశాడు.

"మీ నాన్నగార్ని ఇవాళ తీసుకురావద్దు."

"ఏం?"

"కొంచెం రద్దీగా ఉంది."

"రద్దీయా, నామోషీయా?" అంది భార్య. "మీ గొప్పవాళ్ళ ముందు మా నాన్న ముతకగా కనిపిస్తాడు కాబోలు! ఆయన పొద్దుట్నించి కోటు వేసుకుని కూర్చున్నాడు తెలుసా? వస్తున్నాం. ముందు వరసలోనే కూర్చుంటాం." ఫోన్ పెట్టేసింది.

నాలుగింటికి హాలు కిటకిటలాడింది. శాసనసభ్యుడు మైకు పట్టుకుని, పుస్తకంలో లేని ఏడో సభ్యుడి చరిత్రని ఇరవై నిమిషాలు చెప్పి, "ఆ మహనీయుడి ఆత్మశాంతికి..." అన్నాడు. రెండు వందలమంది లేచి తలలు వంచారు. చీమ చిటుక్కుమన్నా వినబడే ఆ నిశ్శబ్దంలో తలుపు కిర్రుమంది. కూతురి చెయ్యి పట్టుకుని, అదే కోటుతో, అవే మీసాలతో మామగారు లోపలికి వచ్చారు. మీసాలు తెల్లబడ్డాయి, అంతే తేడా.

ముందు చూసింది ముసలావిడ. "బతికే ఉన్నాడు!" అని కేక పెట్టింది.

తరవాత జరిగినదాన్ని గుమాస్తా సగం కళ్ళు మూసుకునే చూశాడు. మాజీ, తాజా సభ్యులిద్దరూ చెరో చెయ్యీ పట్టుకుని మామగార్ని వేదిక ఎక్కించారు. కుళాయి పెద్దాయన పూలగుత్తి ఇచ్చాడు. చప్పట్లు ఆగడం లేదు. మామగారు తిరిగి గోడకేసి చూశారు. తన ఫొటో, దాని కింద వేరేవాడి పేరు, 'పంతొమ్మిది రోజులు' అన్న పదవీకాలం. ఆయన చెయ్యి మెల్లిగా జేబులో ఎర్రకలం మీదికి పోయింది.

'అయిపోయింది,' అనుకున్నాడు గుమాస్తా. ఉద్యోగం మాట దేవుడెరుగు. రెండు వందలమంది ఎదుట, తన పుస్తకావిష్కరణలో, తన మామగారి చేతనే సున్నా చుట్టించుకోబోతున్నాడు. ఆ సిగ్గుకి ఏడుపొచ్చింది.

మామగారు గొంతు సవరించుకున్నారు. హాలు మళ్ళీ నిశ్శబ్దమైంది. ఆయన జనాన్ని ఈ చివర్నించి ఆ చివరికి చూశారు. రిటైరై ఇరవయ్యేళ్ళయింది. ఇంతమంది తనకోసం నోరు మూసుకుని కూర్చుని కూడా ఇరవయ్యేళ్ళయింది.

"పంతొమ్మిది రోజులు," అన్నారు మామగారు గంభీరంగా, ఫొటోలోలాగే చెయ్యెత్తి, "ఏం సరిపోతాయండీ మనిషికి?"

హాలు మారుమోగిపోయింది. ఆయన నలభై నిమిషాలు మాట్లాడారు. క్రమశిక్షణ గురించి, దస్తూరి గురించి, సభలో ఆలస్యంగా వచ్చేవాళ్ళ గురించి.

గుమాస్తా నీరసంగా వెనక వరసలో కూలబడ్డాడు. పక్క కుర్చీలో అద్దాలాయన కూర్చుని ఉన్నాడు.

"ఏంటండీ మీరు చేసిన పని? ఆ ఫొటో మా మామగారిది! కాగితం పెట్టమన్నాను కదా!"

"తెలుసు బాబూ. అక్కడ కాగితం పెట్టడానికి చేతులు రాలేదు. ఎంతైనా నా పేరు కదా!"

గుమాస్తా కుర్చీలోనే ఆయనవైపు తిరిగాడు. "మీ... మీ పేరా?"

"కుర్రతనంలో స్నేహితులు సరదాకి నామినేషన్ వేయించారు. తీరా నెగ్గాను. పంతొమ్మిది రోజులూ భయంతో నోరు విప్పలేదు. అప్పట్లో ఫొటో కూడా దిగలేదు. మీ మామగారిని చూస్తే ఆ పదవికి పనికొచ్చేవాడిలా కనిపించారు. పెట్టేశాను. మీరు చూసి తీసేస్తారులే అనుకున్నాను."

"రెండు నెలలుగా మీకోసం ఊరంతా వెతుకుతుంటే, ఒక్కమాట చెప్పొచ్చుగా!"

"మా కొట్టుకి పద్నాలుగుసార్లు వచ్చారు బాబూ. ఒక్కసారైనా నా పేరు అడిగారా?"

గుమాస్తాకి చెంప ఛెళ్ళుమన్నట్టయింది. అరవయ్యేళ్ళ చరిత్ర తవ్వినవాడు, ఎదురుగా కూర్చుని అద్దం కోసే మనిషిని పేరడగలేదు. "క్షమించండి. ఇప్పుడే వెళ్ళి నిజం చెప్పేస్తాను," అంటూ లేచాడు.

అద్దాలాయన చెయ్యి పట్టుకుని ఆపాడు. "కూర్చోండి. ఇప్పుడు చెబితే మళ్ళీ నన్ను మాట్లాడమంటారు."

వేదికమీద మామగారి చుట్టూ జనం మూగారు. చరిత్ర పుస్తకంలో ఏడో సభ్యుడి పేజీ తెరిచి సంతకాలు అడుగుతున్నారు. ఇరవై రెండేళ్ళలో గుమాస్తా ఎన్నడూ చూడని నవ్వు ఒకటి ఆ మీసాల కింద వెలుగుతోంది. ఆయన జేబులోంచి ఎర్రకలం తీసి, అద్దాలాయన పేరు గుండ్రటి అక్షరాలతో సంతకం చేస్తున్నారు.

ఇంటికి వెళ్ళేటప్పుడు కారులో మామగారు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, పేజీలన్నీ తిప్పి, ఏడో సభ్యుడి పేజీ దగ్గర ఆగి, కలం మూత తీశారు.

"అల్లుడుగారూ, పుస్తకం ఫరవాలేదు," అన్నారు. "నా గురించి నాలుగు ముక్కలే రాశారు. రెండో ముద్రణలో పెంచండి."