కడగని కొమ్మ

ఆ ఉదయం గిజ్లాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. ఫ్రిజ్‌లో దాచిన షీబా కొమ్మల కట్ట తీసుకుని పది గంటలకల్లా ప్రయోగశాలకు చేరాలి. ఆ చేదు ఆకుల మీద కాపురముండే మంచి సూక్ష్మజీవులు పుండ్లను కుళ్లబెట్టే క్రిములను చంపుతాయని తేల్చడానికి రెండేళ్లుగా తంటాలు పడుతోంది. అవి దొరికే అజ్రూ ఊరి పైనున్న కొండదారి మంచుతో మూసుకుపోయింది. ఈ కట్ట పోతే వసంతం దాకా మరొకటి దొరకదు. పరిశోధన గడువేమో ఈ నెలాఖరుకే ముగుస్తుంది.

ఫ్రిజ్ తెరిస్తే కట్ట లేదు.

"అమ్మా, నా షీబా ఏదీ?"

"టీలో వేశా కదే," అంది తల్లి ఇత్తో, కూజాలో నీళ్లు కెటిల్లోకి వంచుతూ. "ఈ చలికి టీలోకే తెచ్చావనుకున్నా. పొద్దున్నే హద్దాకీ రబ్హాకీ కూడా తలా కాస్త ఇచ్చా. మనకింకో కొమ్మ మిగిలింది, అదిగో పళ్లెంలో. బెంగపడకు, మూడుసార్లు కడిగా."

"కడిగేశావా? దానిమీద క్రిములున్నాయమ్మా!"

"అందుకేగా కడిగింది!"

గిజ్లాన్ చెప్పులైనా వేసుకోకుండా పక్కింటికి పరిగెత్తింది.

"హద్దా అత్తా, అమ్మ ఇచ్చిన షీబా కడగలేదు కదా? కడగలేదని చెప్పు, నీకు పుణ్యముంటుంది!"

హద్దా ముఖం కందిపోయింది. "కడక్కుండా తాగే కొంపలా కనిపిస్తోందా మాది? అయిదుసార్లు కడిగా! మీ అమ్మ పంపిందా నిన్ను, వాకబు చెయ్యమని?"

ఎదురింటి రబ్హా తలుపులోంచి తొంగి చూసింది. "నేను ఏడుసార్లు కడిగా, వెనిగర్ కూడా పోసి. ఇంతకీ ఏముంది దానిమీద?"

"క్రిములు," అంది గిజ్లాన్, ఏడుపు ఆపుకుంటూ. "మంచివే అత్తా."

రెండో మాట రబ్హా చెవికెక్కలేదు. "రెండు గ్లాసులు తాగానే!" అంటూ పొట్ట పట్టుకుంది. హద్దా చరచరా నడిచి ఇత్తో వంటింట్లోకి దూరింది. వెనకే మూలుగుతూ రబ్హా.

"నా శుభ్రతను శంకించడానికి కూతుర్ని తోలతావా?"

"నేనెవర్నీ తోల్లేదు! నీకంటే నేనే బాగా కడిగా!"

"విషం పెట్టి కడగడమొకటి!" అని మూలిగింది రబ్హా.

ఎవరు దేనికి అరుస్తున్నారో గిజ్లాన్‌కు అంతుపట్టలేదు. తన రెండేళ్ల చాకిరీ ఈ ముగ్గురి శుభ్రతలో కొట్టుకుపోయిందని మాత్రం అర్థమైంది. దుఃఖం ముంచుకొచ్చింది. ముఖం కడుక్కుందామని కుళాయి తిప్పింది. అది ఒకసారి దగ్గి ఊరుకుంది.

"అమ్మా, నీళ్లెప్పట్నుంచి రావట్లేదు?"

"నిన్న సాయంత్రం నుంచి. వీధంతా ఇంతే. టీకి సరిపడా కూజాలో ఉన్నాయి కాబట్టి..."

ఇత్తో మాట అక్కడే ఆగింది. హద్దా తన చెప్పుల వంక చూసుకుంది. రబ్హా మూలుగు కూడా మాయమైంది.

"మూడుసార్లు కడిగానన్నావు?" అంది గిజ్లాన్.

"కడుగుదామనే అనుకున్నానే," అంది తల్లి గొంతు తగ్గించి.

గిజ్లాన్ తల్లి బుగ్గమీద గట్టిగా ముద్దు పెట్టి, పళ్లెంలోని కొమ్మను సంచిలో వేసుకుని పరుగందుకుంది.

మూడోనాటికి గాజుపళ్లెంలో ఆ ఆకుల సూక్ష్మజీవుల చుట్టూ చెడ్డ క్రిములన్నీ చచ్చి, తేటగా ఒక వలయం ఏర్పడింది. పరిశోధన గ్రంథం మొదటి పేజీలో గిజ్లాన్ ఇత్తోకూ, హద్దాకూ, రబ్హాకూ పేరుపేరునా కృతజ్ఞతలు చెప్పుకుంది.

ఎందుకో మాత్రం రాయలేదు.