ముప్పై ఒకటో ఆవు

పొద్దున తొమ్మిదింటి బస్సుకు కాగితాల కవరు కుప్పం పంపేసి, ఆ తర్వాత నిమ్మళంగా కాలేజీకి పోవాలనుకున్నాడు ఉమాపతి. మదనపల్లెలో ఒక ప్రైవేటు కాలేజీలో జువాలజీ చెబుతాడతను. పుంగనూరు ఆవుల పాలలో వెన్న శాతం మీద ఏళ్ల తరబడి పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఒక్క వ్యాసమైనా సైన్సు పత్రికకు పంపినట్టు చూపకపోతే ఈ నెలాఖరుకు రిజిస్ట్రేషన్ రద్దవుతుంది. వ్యాసం సిద్ధంగానే ఉంది. కుప్పంలో ఉండే గైడు జయచంద్ర సారు చదివి సంతకం పెట్టడమే తరువాయి. సారు కంప్యూటరు మీద చదవరు. ఏదైనా కాగితం మీదికి రావాల్సిందే.

స్నానం చేసి వచ్చేసరికి తల్లి శారదమ్మ ఆ కాగితాలను దేవుడి ముందు పరిచి, దేవుడికి కుంకుమ పెట్టిన వేలితోనే మూలలకు పసుపు అద్దుతోంది. శుభలేఖ కానీ, బ్యాంకు దరఖాస్తు కానీ, ఆమె బొట్టు పెట్టనిదే ఆ ఇంటి గడప దాటదు.

"అమ్మా, అది సైన్సుమ్మా," అన్నాడు ఉమాపతి.

"అయితే యేంది నాయనా, సైన్సుకు మాత్రం మంచి జరగొద్దా?"

పసుపు మూలల కాగితాలు చూస్తే సారు నవ్వుతారు. మళ్లీ ప్రింటు తీసే వ్యవధి లేదు. బస్టాండు పక్కన జిరాక్సు తీయించి, ఆ కాపీలనే కవర్లో పెట్టి కండక్టరు చేతికిచ్చాడు. పసుపు మరక కాపీల్లో ఎక్కడా కనిపించలేదు. తన తెలివికి తానే మురిసిపోయాడు పాపం.

మధ్యాహ్నం సారు ఫోన్ చేశారు. గ్రాఫులో అన్ని చుక్కలకూ పైన, ఎక్కడో ఆకాశంలో, ఒక్కటే చుక్క ఉందట. అంత వెన్న ఇచ్చే ఆవు నిజంగా ఉందా అని అడిగారు. ఆయన ఏ చుక్క గురించి మాట్లాడుతున్నారో ఉమాపతికి అర్థం కాలేదు. కానీ ఇన్నేళ్లలో సారుతో 'తెలియదు' అన్న పాపాన పోలేదతను.

"ఉండాది సార్," అన్నాడు.

"యాడ?"

"పుంగనూర్లో, మా మామ కాడ సార్."

అంతే, సారు మనిషే మారిపోయారు. పాత వ్యాసం పక్కన పడేసి, ఆ ఒక్క ఆవు మీదే కొత్తగా రాసి సాయంత్రానికల్లా మెయిల్ చేయమన్నారు. దీన్ని మాత్రం కంప్యూటరు మీదే చదువుతానన్నారు. ఎల్లుండి పుంగనూరు వచ్చి ఆవును స్వయంగా చూస్తానన్నారు.

ఉమాపతి పాఠాలు ఎగ్గొట్టి కూర్చుని నాలుగు పేజీలు రాశాడు. నేల సారం, మేత గుణం, వంశపారంపర్యం అన్నీ అందులో పడ్డాయి. మెయిల్ పంపాక, ఇంతకీ అది ఏ ఆవు అనే అనుమానం వచ్చి సంచిలో ఉన్న అసలు కాగితం తీశాడు. లెక్కలోకి తీసుకున్నవి ముప్పై ఆవులు. గ్రాఫులో నల్లచుక్కలూ ముప్పయ్యే. వాటికి పైన, తల్లి వేలి నుంచి రాలిన కుంకుమ బొట్టు ఒకటి ఎర్రగా ఉంది. జిరాక్సు దాన్ని నల్లచుక్క చేసింది.

ఫోన్ తీసి, సారు పేరు దాకా పోయి, మళ్లీ పక్కన పెట్టాడు. కుంకుమ మీద నాలుగు పేజీలు రాశానని ఏ మొహంతో చెబుతాడు? పిరికితనంతో మామ అంజినప్పకు ఫోన్ చేసి, సారుకు ఒక మంచి ఆవును చూపించమన్నాడు. తన ఆవు పుస్తకాలకెక్కుతోందని అంజినప్ప వీధంతా చెప్పుకున్నాడు.

అనుకున్న రోజు తెల్లారేసరికే ఉమాపతి మామ ఇంటికి చేరాడు. సారు కారును పాలకేంద్రం దగ్గర ఆపి నడిచొచ్చారు. అంజినప్ప పాలు పితికితే, ఆ క్యాను సారే మోసుకుంటూ పాలకేంద్రానికి నడిచారు. వెన్న చూసే మిషన్ మామూలు అంకె చూపించింది. మళ్లీ పోయించారు. మళ్లీ అదే అంకె. వరుసలో నిలబడిన వాళ్లంతా వింటుండగా సారు అంజినప్ప వైపు తిరిగారు.

"నీళ్లేమైనా కలిపినారా అప్పా?"

అంజినప్ప పెళ్లి కాకముందు నుంచీ ఆ ఊళ్లో పాలు పోస్తున్నాడు. ఆ మాట ఎవరూ ఏనాడూ అనలేదు. ఆయన నేరుగా అల్లుడి మొహంలోకి చూశాడు. ఆ చూపు తట్టుకోలేకపోయాడు ఉమాపతి.

"పాలల్లో నీళ్లు లేవు సార్. ఆ సుక్క ఆవుది కాదు, మా అమ్మ పెట్టిన కుంకుమ. తెలిసి గూడా నోరు మూసుకున్నా. ఆ నాలుగు పేజీలూ నేను అల్లినవే."

వరుసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఉమాపతి తల దించుకుని తిట్ల కోసం ఎదురుచూశాడు. తిట్లు రాలేదు. సారు అతని చెయ్యి పట్టుకుని కారు చాటుకు లాక్కుపోయారు. ఆయన మొహం పాలిపోయింది.

"అది నిన్ననే పత్రికకు పంపించేసినానే."

"నన్ను అడక్కుండానా సార్?"

సారు కారు అద్దాన్ని కర్చీఫుతో తుడుస్తూ, తన పేరు ముందు పెట్టి పంపానని నసిగారు.

ఇప్పుడు సిగ్గుపడే వాళ్లు ఇద్దరయ్యారు. వాళ్లను అట్లాగే వదిలేసి అంజినప్ప క్యాను కడుక్కుని ఇంటిదారి పట్టాడు. ఉమాపతి వెనకాలే పోయి "మామా, తప్పయిపాయ" అన్నాడు. ఆయన తిరిగి చూడలేదు.

"సారును అంత కాఫీ తాగి పొమ్మను. నువ్వు మాత్రం ముందు ఆవు కాడికి పోయి చెప్పు ఆ మాట," అన్నాడు.

సారు కాఫీ తాగలేదు. పాత వ్యాసంలో ఆ చుక్కను పెన్నుతో కొట్టేసి, కారు బానెట్ మీదే సంతకం పెట్టిచ్చారు. అది పత్రికకు వెళ్లి, ఉమాపతి రిజిస్ట్రేషన్ నిలబడింది. కొత్త వ్యాసాన్ని వెనక్కి తీసుకుంటున్నామని పత్రికకు ఉత్తరం కూడా ఆ రోజే వెళ్లింది. అందులో మాత్రం సారు ఉమాపతి పేరే ముందు పెట్టారు.